టైమ్ జోన్ మార్చే హక్కు ఎవరికివ్వాలి?

జనవరిలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఆన్‌సైట్ పని మీద వెళ్ళిన ఉద్యోగి హోటల్ గదిలో కంపెనీ ల్యాప్‌టాప్ తెరుస్తుంది. బయట ఉదయం ఎనిమిదైంది. స్క్రీన్ మూల మాత్రం రాత్రి ఏడున్నర. క్లయింట్‌తో తొమ్మిదింటికి ఉన్న మీటింగు క్యాలెండర్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు కనబడుతోంది. టైమ్ జోన్ మారుద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఆ గడి బూడిదరంగులో ఉంది, ఎంత నొక్కినా తెరుచుకోదు. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తుంది. ఇక్కడి నుంచి కథ సాధారణంగా మూడు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. అవతలివాళ్ళు విసిగిపోయి అడ్మిన్ పాస్‌వర్డ్ ఫోన్లోనే చెప్పేస్తారు. లేదా రిమోట్‌లో లోపలికి వచ్చి గడియారాన్ని చేత్తో పదకొండున్నర గంటలు వెనక్కి తిప్పి, పనైపోయిందంటారు. అదీ కాకపోతే టికెట్ పెట్టమని చెప్పి పెట్టేస్తారు. ఆమె నెలంతా వేళ్ళ మీద లెక్కలు వేసుకుంటూ గడుపుతుంది.

ఈ మూడూ తప్పే. మొదటి రెండూ ప్రమాదకరం కూడా. సరైన పరిష్కారం 2007 నుంచి విండోస్‌లోనే ఉంది. ఖర్చు లేదు, సెట్ చేయడానికి పది నిమిషాలు చాలు. అయినా చాలా ఆఫీసుల్లో అది జరగకపోవడానికి కారణం, గడియారం మార్చడమూ టైమ్ జోన్ మార్చడమూ ఒకటే పని అనుకోవడం. ఈ అధ్యాయంలో ముందుగా ఆ చిక్కు విప్పుకుందాం. అది విడిపోతే ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలన్నది మీకే తెలిసిపోతుంది.

లోపలి లెక్క, బయటి అంకె

కంప్యూటర్ నడుస్తున్నప్పుడు దాని లోపల కాలం ఒకే ఒక లెక్కగా సాగుతుంది. లినక్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. విండోస్ 1601 జనవరి 1 నుంచి ఇంకా సన్నని ముక్కల్లో లెక్కపెడుతుంది. ఈ లెక్క యూటీసీలో ఉంటుంది, అంటే ప్రపంచమంతటికీ ఒకటే. మాదాపూర్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఆ క్షణాన ఆ సంఖ్య మారదు. టైమ్ జోన్ అనేది ఆ సంఖ్యను మన కంటికి చూపించే పద్ధతి మాత్రమే. ఇండియా టైమ్ అని పెడితే అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది, డాలస్ టైమ్ అని పెడితే చలికాలంలో ఆరు గంటలు తీసి చూపిస్తుంది. జోన్ మార్చినంత మాత్రాన లోపలి లెక్కకు ఏమీ కాదు.

గడియారాన్ని చేత్తో తిప్పితే సంగతి వేరు. జోన్ ఇండియాలోనే ఉంచి ముల్లును పదకొండున్నర గంటలు వెనక్కి నెట్టారనుకోండి, కంప్యూటర్ దృష్టిలో ప్రపంచమే పదకొండున్నర గంటలు వెనక్కి పోయినట్టు. వెంటనే బాధలు మొదలవుతాయి. కంపెనీ డొమైన్‌లో లాగిన్‌ను పరిశీలించే కెర్బెరోస్ పద్ధతి, మామూలు సెట్టింగుల్లో అయిదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. అంతకు మించితే పాస్‌వర్డ్ సరైనదైనా తలుపు తెరవదు. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. ఈ మధ్యే తీసుకున్న సర్టిఫికెట్టయితే ఇంకా అమల్లోకి రాలేదని బ్రౌజర్ అడ్డుపడుతుంది. ఓటీపీ యాప్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటే, ముప్పై సెకన్లకొకటి పుట్టే అంకెలు అవతలి సర్వర్‌తో కలవవు. లాగ్ ఫైళ్ళలో సంఘటనల వరుస తారుమారవుతుంది. ఏదైనా దాడి జరిగి విచారించాల్సి వస్తే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చడం నరకం.

కాలం విషయంలో మన ప్రభుత్వం పట్టుదలగా ఉండడానికి కారణం ఇదే. 2022 ఏప్రిల్ 28న, కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలన్నీ తమ యంత్రాల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతో, లేదా వాటితో సరిపోల్చదగిన సర్వర్లతో కలిపి ఉంచాలని చెప్పింది. లాగ్‌లను 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది. గమనించండి, ఆ పట్టుదలంతా గడియారం గురించి. ఉద్యోగి స్క్రీన్ మీద ఏ ఊరి టైమ్ కనబడాలన్నది వేరే సంగతి.

అందువల్ల నా నియమం ఇది: గడియారం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. టైమ్ జోన్‌ను, ప్రయాణం చేసే యంత్రాల మీద, వాడేవాళ్ళ చేతికే వదిలేయాలి.

విండోస్ ఈ రెంటినీ ఎలా విడదీసింది

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో రెంటికీ కలిపి ఒకటే అనుమతి ఉండేది. మామూలు యూజరు క్యాలెండర్ చూద్దామని మూలనున్న గడియారం మీద డబుల్ క్లిక్ చేసినా, సిస్టమ్ టైమ్ మార్చే అర్హత మీకు లేదని హెచ్చరిక వచ్చేది. ఊళ్ళు తిరిగే సేల్స్ ఉద్యోగికి జోన్ మార్చే వీలు ఇవ్వాలంటే గడియారం కూడా అప్పగించాల్సిందే. దాంతో చాలా సంస్థలు ఏకంగా అడ్మిన్ హక్కులే ఇచ్చేసేవి. ఒక గది తెరవాల్సిన మనిషికి ఇంటి తాళాల గుత్తంతా ఇచ్చినట్టే అది. ఆ హక్కులతో ఏ సాఫ్ట్‌వేరైనా ఎక్కించుకోవచ్చు, యాంటీవైరస్ ఆపేయవచ్చు. అనుకోకుండా నొక్కిన ఒక చెడ్డ లింకుకు యంత్రమంతా లోబడిపోతుంది.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ దీన్ని రెండుగా చీల్చింది. ఒకటి ‘చేంజ్ ద సిస్టమ్ టైమ్’, రెండోది ‘చేంజ్ ద టైమ్ జోన్’. మొదటిది అడ్మినిస్ట్రేటర్లకు, లోకల్ సర్వీస్ అనే అంతర్గత ఖాతాకు మాత్రమే. రెండోది వాళ్ళతోపాటు మామూలు యూజర్లకు కూడా పుట్టుకతోనే ఉంటుంది. విండోస్ 10, 11 దాకా ఇదే పద్ధతి. అంటే డాలస్ హోటల్లో ఆ గడి బూడిదరంగులో ఉందంటే, ఎవరో ఎప్పుడో భద్రత పేరుతో ఆ జాబితాలోంచి యూజర్లను తీసేసి ఉండాలి, లేదా జోన్‌ను కంప్యూటరే దానంతటది మార్చుకునే స్విచ్ ఆన్‌లో ఉండాలి. ముందు ఆ స్విచ్ చూడండి. అది ఆన్‌లో ఉంటే చేత్తో ఎంచుకునే గడి మూసుకుపోతుంది, కంపెనీ లొకేషన్ సేవను ఆపేసి ఉంటే ఆ స్విచ్ పని చేయదు. రెండూ కలిశాయంటే యూజరు ఎటూ కదలలేడు.

భద్రత కోసం తీసేశాం అనేవాళ్ళకు ఒక మాట. భద్రతా ప్రమాణాల్లో ప్రపంచమంతా చూసే సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ మార్గదర్శకాలు సైతం విండోస్ 10, 11 యంత్రాల్లో టైమ్ జోన్ హక్కు యూజర్లకు ఉండొచ్చనే చెబుతాయి. సర్వర్లలోనే వద్దంటాయి.

ఇక సెట్ చేసే తీరు. ఒక్క యంత్రమైతే లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, లోకల్ పాలసీస్ కింద యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌లో ‘చేంజ్ ద టైమ్ జోన్’ మీద రెండుసార్లు నొక్కండి. అక్కడ యూజర్స్ అనే గ్రూపు లేకపోతే చేర్చండి. హోమ్ ఎడిషన్‌లో ఈ పాలసీ తెర ఉండదు, ఆ హక్కు మామూలు యూజర్లకు ఎలాగూ ఉంటుంది కాబట్టి దిగులు లేదు. డొమైన్‌లో వందల యంత్రాలుంటే గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్ నుంచి ఇదే చోటుకు వెళ్ళాలి.

ఇక్కడే పెద్ద పెద్ద సంస్థలు కూడా కాలు జారేది. గ్రూప్ పాలసీలో మీరు రాసే జాబితా, యంత్రంలో ముందే ఉన్న జాబితాకు కలవదు. దాన్ని చెరిపేసి తానే కూర్చుంటుంది. ట్రావెల్ చేసేవాళ్ళ గ్రూపు ఒక్కటీ చేర్చి సరిపెట్టుకుంటే, అడ్మినిస్ట్రేటర్లకూ లోకల్ సర్వీస్‌కూ ఉన్న హక్కు ఊడిపోతుంది. మూడింటినీ రాయండి: అడ్మినిస్ట్రేటర్స్, లోకల్ సర్వీస్, మీరు ఇవ్వదలచుకున్న గ్రూపు. వ్యక్తుల పేర్లు మాత్రం ఎప్పుడూ రాయొద్దు. ఈరోజు ఇచ్చిన పేరు ఆ మనిషి ఉద్యోగం మానేసిన రెండేళ్ళకు కూడా అక్కడే వేలాడుతుంటుంది. గ్రూపు ఒకటి చేసి అందులోకి మనుషుల్ని చేర్చడం, తీయడం చేస్తే జాబితా శుభ్రంగా ఉంటుంది.

మార్పు వెంటనే కనబడదు. యూజరు ఒకసారి లాగాఫ్ చేసి మళ్ళీ లాగిన్ కావాలి. హక్కు వచ్చిందో లేదో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూయామ్‌ఐ’ ఆదేశాన్ని ‘ప్రివ్’ స్విచ్‌తో నడపండి. జాబితాలో టైమ్ జోన్ ప్రివిలేజ్ కనబడి పక్కన ‘డిజేబుల్డ్’ అని ఉంటే కంగారు పడకండి. హక్కు ఉంది, ఈ క్షణంలో వాడటం లేదని దానర్థం. జాబితాలో అసలు ఆ పేరే లేకపోతేనే హక్కు లేనట్టు.

ఒక్కోసారి హక్కు ఉన్నా సెట్టింగ్స్ తెర మొండికేస్తుంది. సర్వర్ 2019లోనూ, విండోస్ 11 కొన్ని వెర్షన్లలోనూ ఇలాంటి ఇబ్బంది వచ్చింది. అప్పుడు పాత కంట్రోల్ ప్యానెల్‌లోని డేట్ అండ్ టైమ్ తెర ద్వారా, లేదా ‘టీజెడ్‌యుటిల్’ ఆదేశంతో ప్రయత్నించాలి. హక్కులు పెంచడానికి పరుగెత్తకండి.

కదలని యంత్రాల సంగతి

ఇప్పటివరకు చెప్పింది ల్యాప్‌టాప్‌ల గురించి. విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక బట్టల షాపు బిల్లింగ్ కంప్యూటర్ తీసుకోండి. అది అక్కడి నుంచి కదలదు. దాని మీద జోన్ మార్చే అవసరం ఎవరికీ ఎన్నడూ రాదు. కానీ మారితే? ఎవరో పొరపాటున పసిఫిక్ టైమ్ పెట్టారనుకోండి, చలికాలంలో ఉదయం పదింటికి కొట్టిన బిల్లు మీద ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, ముందు రోజు తేదీ పడతాయి. లోపలి లెక్క చెక్కుచెదరకున్నా కాగితం మీద తేదీ తప్పు. అది నెల మొదటి రోజైతే బిల్లు పోయిన నెల జీఎస్టీ లెక్కల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. అమెరికా సెట్టింగులతో ఇన్‌స్టాల్ చేసిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లలో పసిఫిక్ టైమ్ ఉండిపోవడం మామూలే కాబట్టి, కొన్న రోజే చూసుకోండి.

అందుకని బిల్లింగ్ కౌంటర్, హాజరు యంత్రం, ఆసుపత్రి రిసెప్షన్, స్కూలు ల్యాబ్ లాంటి చోట్ల యూజర్స్ గ్రూపును టైమ్ జోన్ జాబితాలోంచి తీసేయడమే మంచిది. ఇక్కడ మాత్రం బూడిదరంగు గడి న్యాయమే.

చిన్న షాపుల్లో అసలు చిక్కు వేరే ఉంది. కౌంటర్లో కూర్చునే ప్రతివాళ్ళూ అడ్మిన్ ఖాతాతోనే పని చేస్తుంటారు. కంప్యూటర్ అమ్మినతను పెట్టిన ఒకే ఒక్క ఖాతా అది. అడ్మిన్‌కు గడియారం, జోన్ రెండూ చేతిలో ఉన్నట్టే. పాత తేదీతో బిల్లు కొట్టాలనుకున్నవాడికి అడ్డే లేదు. ఏ పాలసీ ముట్టుకోకముందే చేయాల్సింది, రోజువారీ పనికి ఒక స్టాండర్డ్ ఖాతా తెరిచి, అడ్మిన్ పాస్‌వర్డ్ యజమాని దగ్గర ఉంచుకోవడం. మిగతా చిట్కాలన్నీ కలిసినా ఈ ఒక్క పని చేసినంత మేలు చేయవు.

అలా చేసిన వారానికే కౌంటర్ నుంచి ఫిర్యాదు వస్తుంది: “సార్, రోజూ పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే పాత తేదీ చూపిస్తోంది. టైమ్ మార్చుకునే పర్మిషన్ ఇవ్వండి.” ఇవ్వకండి. కరెంటు తీసేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీదున్న బొత్తాం బ్యాటరీ అయిపోయింది. ఎక్కువ డెస్క్‌టాప్‌లలో అది సీఆర్ 2032 రకం, ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా తక్కువ ధరకే దొరుకుతుంది. బ్యాటరీ మార్చి, ఇంటర్నెట్ టైమ్‌తో కలిపితే అనుమతి అడగాల్సిన అవసరమే తీరిపోతుంది. హక్కు కోసం వచ్చే అభ్యర్థనల వెనక ఇలాంటి రిపేరు పనులు ఎన్నో దాక్కుని ఉంటాయి. అనుమతి ఇచ్చేముందు ఎందుకు అవసరమైందని ఒక్క ప్రశ్న వేసే అలవాటు చేసుకోండి.

నలుగురు కలిసి వాడే సర్వర్ల దగ్గర మరో జాగ్రత్త. టైమ్ జోన్ యంత్రమంతటికీ ఒకటే. ఒకరు మారిస్తే అందరికీ మారుతుంది, రాత్రి రెండింటికి నడవాల్సిన బ్యాకప్ మధ్యాహ్నం నడుస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ మీద హైదరాబాద్ వాళ్ళూ న్యూజెర్సీ వాళ్ళూ కలిసి పని చేస్తుంటే గ్రూప్ పాలసీలో టైమ్ జోన్ రీడైరెక్షన్ ఆన్ చేయండి. ఎవరి సెషన్‌లో వాళ్ళ ఊరి టైమ్ కనబడుతుంది, ఎవరికీ ప్రత్యేక హక్కు అక్కర్లేదు.

లినక్స్, మ్యాక్ వాడేవాళ్ళకు

లినక్స్‌లో కూడా గడియారం పెట్టడం, జోన్ పెట్టడం విడివిడి అనుమతులే. పోల్‌కిట్ అనే వ్యవస్థ వాటిని చూసుకుంటుంది. మామూలుగా రెంటికీ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒక గ్రూపుకు జోన్ అనుమతి మాత్రమే ఇచ్చే చిన్న నియమం రాసి పెట్టుకోవచ్చు. కానీ డెవలపర్లకు చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. తమ షెల్‌లో ‘టీజెడ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఏషియా/కోల్‌కతా అని ఇచ్చుకుంటే వాళ్ళ తెర మీద ఇండియా టైమ్ వస్తుంది, సర్వర్ హాయిగా యూటీసీలోనే ఉంటుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సర్వర్లను యూటీసీలోనే ఉంచమని నా గట్టి సలహా.

మ్యాక్‌లో తేదీ, సమయం, జోన్ ఒకే సెట్టింగ్స్ తెరలో ఉంటాయి. జోన్ కోసం ఆ తెర మొత్తానికి అనుమతి ఇస్తే గడియారం కూడా తెరుచుకుంటుంది. అందుకే మ్యాక్‌లలో లొకేషన్ ఆధారంగా జోన్ దానంతటదే మారే సదుపాయం ఆన్ చేసి, అనుమతిని అలాగే వదిలేయడం మేలు.

అడిగే తీరు, ఎంచుకునే తీరు

మీరు ఉద్యోగి అయితే, “అన్నా, రెండ్రోజులు అడ్మిన్ ఇయ్యవా” అని అడగొద్దు. అవతలివాళ్ళు ఇస్తే ఇబ్బంది, ఇవ్వకపోతే మనస్పర్థ. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అమెరికాలో ఉంటాను, ఈ నంబరు ల్యాప్‌టాప్ మీద ‘చేంజ్ ద టైమ్ జోన్’ హక్కు మాత్రం కావాలి, సిస్టమ్ టైమ్ హక్కు అవసరం లేదు అని ప్రయాణానికి వారం ముందే రాయండి. ఇంత స్పష్టంగా అడిగినవాళ్ళకు కాదనడానికి ఏ సిస్టమ్ అడ్మిన్‌కూ కారణం దొరకదు. పనికి కావాల్సినంత హక్కే ఇవ్వాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే తమ పరిశోధనా వ్యాసంలో రాసిపెట్టారు. మీరు అడుగుతున్నది దాన్నే.

హక్కు వచ్చాక సరైన జోన్ ఎంచుకోవడం మీ బాధ్యత. జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం కనబడవు. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న వరుసే మనది. దేశమంతటికీ ఒకటే టైమ్ కాబట్టి మరో ఆలోచన అక్కర్లేదు. డాలస్ వెళ్ళినవాళ్ళు మాత్రం జాగ్రత్త. ‘సెంట్రల్ టైమ్, యూఎస్ అండ్ కెనడా’ అని ఒకటి, ‘సెంట్రల్ అమెరికా’ అని ఇంకొకటి దగ్గర దగ్గరే ఉంటాయి. జనవరిలో రెండూ ఒకే టైమ్ చూపిస్తాయి. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, సెంట్రల్ అమెరికా జోన్ జరగదు. ఆ సోమవారం మీ మీటింగులన్నీ గంట తప్పుతాయి. ఫీనిక్స్‌లో ఉండేవాళ్ళు మౌంటెన్ టైమ్ కాకుండా అరిజోనా అని విడిగా ఉన్నదే ఎంచుకోవాలి, అక్కడ గంట జరపడం లేదు.

మీరు సిస్టమ్ అడ్మిన్ అయితే, హక్కులు సర్దాక కొన్నాళ్ళపాటు సెక్యూరిటీ లాగ్‌లో 4616 నంబరు ఈవెంట్ల మీద ఒక కన్నేసి ఉంచండి. సిస్టమ్ టైమ్ మారినప్పుడు పడే నంబరు అది. విండోస్ టైమ్ సర్వీస్ తనంతట తాను సర్దుకున్నప్పుడు కూడా పడుతుంది కాబట్టి పక్కన ఏ ఖాతా పేరుందో చూడాలి. మనిషి పేరు కనబడితే ఆ మనిషికి గడియారం హక్కు ఎలా వచ్చిందో వెంటనే వెతకండి.

రేపు ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్, ఒక బిల్లింగ్ కంప్యూటర్ తీసుకుని సిస్టమ్ టైమ్, టైమ్ జోన్ హక్కుల జాబితాలు రెండూ తెరిచి చూడండి. ల్యాప్‌టాప్‌లో యూజర్లకు జోన్ హక్కు లేకపోతే చేర్చండి, బిల్లింగ్ కంప్యూటర్‌లో ఉంటే తీసేయండి. సిస్టమ్ టైమ్ జాబితాలో అడ్మినిస్ట్రేటర్స్, లోకల్ సర్వీస్ కాక ఇంకెవరి పేరున్నా, ఆ హక్కు ఎందుకిచ్చారో కనుక్కుని, సరైన జవాబు దొరకకపోతే ఆ రోజే తొలగించండి.